తుడవకూడని అద్దం

నానక్‌రామ్‌గూడలో టవర్ల అద్దాలు తుడిచేవాళ్లకు పని పొద్దున ఏడింటికే మొదలవుతుంది. ఎనిమిది దాటితే ఎండ అద్దానికి తగిలి కళ్లలో పొడుస్తుంది. పదకొండు దాటితే సబ్బునీళ్లు తుడిచేలోపే ఎండిపోయి చారలు కడతాయి. అందుకని బాలనర్సయ్య, రమేష్ ఆరున్నరకల్లా టెర్రస్ మీదికెక్కి, తాళ్లు దిమ్మెలకు కట్టి, ఒకరు వేసిన ముడిని ఇంకొకరు లాగి చూసి, పక్కన బకెట్లు వేలాడేసుకుని, చెక్క పీటల మీద కూర్చుని కిందికి దిగుతారు. మొత్తం ఇరవై నాలుగు అంతస్తులు. ఎండ వాలాక సాయంత్రం మళ్లీ ఒకసారి దిగాలి. మధ్యలో చాయ్ లేదు, బీడీ లేదు, ఏ అవసరమొచ్చినా నేల మీద కాలు పెట్టాకే.

ముందు దుమ్ము తుడవాలి. తర్వాత పావురాల రెట్ట గీకాలి. ఆఖరున గద్దల్ని తుడవాలి.

గద్దలతోనే తంటా. కాకి అద్దం ముందు నుంచి పోతే పోయినట్టే, పావురమూ అంతే. గద్ద మాత్రం తాను పోయినా బొమ్మను అద్దంలో వదిలేసి పోతుంది. ఆ బొమ్మ రెక్కలు చాచుకుని, చీలిన తోకను అటొకసారి ఇటొకసారి తిప్పుకుంటూ అక్కడే ఉంటుంది. పదింటికి అద్దాలు వేడెక్కి గాలి పైకి లేవడం మొదలైతే గద్దలు ఆ గాలినెక్కి, రెక్క ఆడించే శ్రమ కూడా లేకుండా గంటలకొద్దీ చక్కర్లు కొడతాయి. ఒక్క రోజుకు ఒక్కో వైపు ముప్పై నలభై బొమ్మలు పడతాయి. ఉత్త సబ్బుకు పోవు. నీళ్లలో ఒక మూత సిర్కా, అదే వెనిగర్, కలపాలి, వైపర్‌ను నిలువుగా కాకుండా రెక్క వాలును బట్టి లాగాలి. చెయ్యి తిరగడానికి రెండేళ్లు పడుతుంది. పని అప్పజెప్పే కాగితంలో కూడా దుమ్ము, రెట్ట, గద్దలు అని వరుసగా రాసి ఉంటుంది.

బాలనర్సయ్యకు ఈ పనిలో పదకొండేళ్లు. నేర్పినవాడు పోచయ్య మేస్త్రి. భుజాలు అరిగిపోయి ఆయన జోగిపేట దగ్గర సొంతూరికి పోయాడు కానీ, పోయేముందు ఒక మాట గట్టిగా చెప్పి పోయాడు.

"చలికాలం ఎల్లేటప్పుడు గద్దలు గూడు కడ్తయి. గూడు కుదిరినంక మగది మొదటిసారి ఆడదానికి తిండి తెస్తది చూడు, ఆ పూట గూటి పక్క అద్దంల ఒక బొమ్మ పడ్తది. అది ఇంటి బొమ్మ. ఒక్కపారే పడ్తది. కడమవన్ని తుడువు, దాన్ని ముట్టకు."

ఎందుకని ఎవరూ అడగలేదు. టవర్లన్నీ ఒకేలా ఉంటాయి. లోపల పనిచేసేవాళ్లే ఒక్కోసారి మెడలో కార్డు గీకి, తలుపు తెరుచుకోక, తలెత్తి చూసి ఇది మనది కాదని పక్క టవరుకు పోతుంటారు. గద్దకు కార్డు కూడా లేదు. తిండి కోసం గండిపేట దాకా, చెత్త గుట్టల దాకా పోయి, ఇన్ని అద్దాల మధ్య తన గూడు ఏదో పోల్చుకోవాలంటే, దూరం నుంచి తన బొమ్మే తనకు కనిపించాలి.

ఆ సంవత్సరం గూడు పందొమ్మిదో అంతస్తులో పడింది, తూర్పు వైపు, ఏసీ మిషన్లు పెట్టే గట్టు మీద. పుల్లలు, కరెంటు వైరు ముక్కలు, పాల కవర్లు, ఎవరిదో తెల్లటి చార్జర్ వైరు, లోపల మెత్తగా గుడ్డపేలికలు. ఫిబ్రవరి మొదట్లో రెండు గుడ్లు. ఆడగద్ద మగదానికంటే కాస్త పెద్దది. అది గుడ్ల మీద కూర్చుంటే ఇంచుమించు నెల రోజులు లేవదు, తిండంతా మగదే తేవాలి. ఈ మగదానికి తోకలో ఎడమవైపు రెండు ఈకలు లేవు. గూటి పక్క అద్దంలోని ఇంటి బొమ్మకూ అక్కడ రెండు ఈకలు లేవు. గోళ్లలో మొదటి రోజు తెచ్చిన తొండ అలాగే వేలాడుతూ ఉండేది.

ఆ అద్దానికి లోపలి వైపు హర్షిణి అనే అమ్మాయి సీటు. ఆమె వరంగల్ దిక్కు పిల్ల. బయట తాడు మీద ఉన్నవాళ్ల మాట లోపలికి వినపడదు, లోపలివాళ్లది బయటికి వినపడదు. ఆమె ఏదైనా చెప్పాలంటే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అద్దానికి ఆనించేది. "ఇవ్వాళ ఎలుక తెచ్చింది అన్నా" అని రాసేది. బాలనర్సయ్య కూడబలుక్కుని చదివి తల ఊపేవాడు.

హర్షిణి ఉండే లేడీస్ హాస్టల్లో వంట చేసేది బాలనర్సయ్య భార్య సత్తెమ్మే. హాస్టలు నానక్‌రామ్‌గూడ పాత ఊరి సందులో ఉంది. వంటింటి కిటికీలోంచి చూస్తే టవరు తూర్పు గోడ మొత్తం కనపడుతుంది. ఇరవై నాలుగు అంతస్తుల అద్దం మీద మొగుడు ఒక చుక్కలా వేలాడుతుంటే ఏ ఆడదానికి గరిటె ఆడుతుంది? ఆమె కిటికీకి వీపు పెట్టి వంట చేసేది. అయినా ఎప్పుడో ఒకసారి చూపు పోయేది, ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడేది. ఉప్పు ఎక్కువైతే ఇవ్వాళ తూర్పు వైపు తుడుస్తున్నారని హాస్టలు పిల్లలందరికీ తెలిసిపోయేది. పాపం వాళ్లు ఏమీ అనకుండా మజ్జిగ కలుపుకుని తినేవాళ్లు.

కిందటేడు మే నెలలో ఒక సుడిగాలి బాలనర్సయ్యను తాడుతో సహా తిప్పి అద్దానికేసి కొట్టింది. నుదుటి మీద ఎనిమిది కుట్లు పడ్డాయి. దవాఖానలో మంచం పక్కన కూర్చుని సత్తెమ్మ ఏడవలేదు.

"ఎప్పుడు దిగుతవు?" అని మాత్రం అడిగింది.

"ఉగాది కల్లా దిగుత."

"నా మీద ఒట్టు పెట్టు."

పెట్టాడు. ఆమె ఆ తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అడగకుండా ఊరుకునే మనిషికి ఇచ్చిన మాట మరీ బరువు. బాలనర్సయ్యకు ఆ సంగతి రోజూ తాడు మీద గుర్తుకొచ్చేది.

ఫిబ్రవరి మూడోవారంలో ఒక పొద్దున టవరు మేనేజరు రామ్మోహనరావు తానే టెర్రస్ మీదికి వచ్చాడు. భీమవరం వైపు మనిషి. చెడ్డవాడు కాదు, కానీ పై నుంచి ఫోనొస్తే ఆయన చొక్కా తడిసిపోతుంది.

"పదింటికల్లా ఫారిన్ క్లయింట్లు దిగుతున్నారు, బాలనర్సయ్యా. తూర్పు వైపు అద్దం మెరిసిపోవాలి. ఒక్క గద్ద కనపడకూడదు."

"ఒక్కటి ఉంటది సార్, పందొమ్మిదిల. గుడ్ల మీద ఉన్నది."

"అదేనయ్యా అందరికీ కనపడేది. గోళ్లలో తొండని పట్టుకుని." రామ్మోహనరావు గొంతు తగ్గించాడు. "తెల్లాపూర్‌లో మావాళ్ల గేటెడ్ కమ్యూనిటీ ఒకటుంది. మెయింటెనెన్స్‌కి సూపర్‌వైజర్ కావాలంటున్నారు. నేల మీద పని, నీడపట్టున పని. నీ పేరే చెబుదామనుకుంటున్నాను. ఈ ఒక్కపూట నా పరువు నిలబెట్టు."

పోచయ్య మేస్త్రి మాట గుర్తు లేక కాదు. ఒట్టు కూడా గుర్తుంది. రెండూ ఒకే తాడు మీద కూర్చోలేవు కదా. పందొమ్మిదో అంతస్తు దగ్గరికి దిగి అద్దం ముందు ఆగినప్పుడు బాలనర్సయ్య తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. మూడువారాలుగా రోజుకు నాలుగైదుసార్లు వస్తున్న పక్షి, ఈపాటికి దారి దానికి అలవాటై ఉండదా అని.

పక్క తాడు మీద రమేష్ చూస్తున్నాడు. "అన్నా, మేస్త్రి వద్దన్నడు గదా."

"దానికి దారి ఎరికేలే" అన్నాడు బాలనర్సయ్య.

మగది ఆ సమయానికి తిండికి పోయి ఉంది. ఆడది గూట్లోంచి నల్ల ముక్కు కొంచెం తెరిచి అతన్నే చూస్తూ ఉంది. లోపల హర్షిణి సీటు ఖాళీ, ఆమె వచ్చేది పదిన్నరకు. సిర్కా నీళ్లు చల్లి, రెక్క వాలుగా మూడుసార్లు లాగాడు. ఎడమ రెక్క పోయింది, కుడి రెక్క పోయింది. తోక పోవడానికి కొంచెంసేపు పట్టింది. పనిమంతుడు కాబట్టి మరకన్నదే మిగల్లేదు.

క్లయింట్లు పన్నెండింటికి వచ్చారు. నల్ల కార్లలో తిన్నగా బేస్‌మెంట్‌లోకి పోయి, అక్కడి నుంచే లిఫ్టెక్కారు. అద్దాన్ని బయటి నుంచి వాళ్లలో ఒక్కరూ చూడలేదు.

మధ్యాహ్నానికి ఆడగద్ద కూత మొదలైంది. గద్ద కూత కాకి అరుపులా ఉండదు, సన్నగా వణికే ఈలలా సాగుతుంది. రెండో రోజు కూడా అది లేవలేదు. బాలనర్సయ్య కోడి పేగులు సంచిలో కట్టుకుని దిగి, గూటి అంచున పెట్టబోయాడు. అది రెక్కలు విప్పి మీదికొచ్చి భుజం గీరింది తప్ప తినలేదు. పెట్టింది పెట్టినట్టే ఎండిపోయింది. మూడో రోజు మిట్టమధ్యాహ్నం ఆకలికి ఆగలేక అది లేచింది. ఎంతసేపు, పావుగంట. ఆ సాయంత్రం హర్షిణి అద్దానికి కాగితం ఆనించి, బాలనర్సయ్య చదివేదాకా పట్టుకుని నిలబడింది. "కాకులు వచ్చినయి అన్నా. రెండు గుడ్లు పోయినయి. నేను లోపల అద్దం మీద కొట్టిన, అవి వినలే."

ఆయన ఆ రోజు కిందికి దిగి, బకెట్ కడిగి, కడిగిన బకెట్‌నే మళ్లీ కడిగాడు. తప్పు చేశానని ఆయనకు తెలుసు, ఎవరూ తిట్టకపోవడం ఇంకా కష్టంగా ఉంది. రమేష్ అయినా నేను చెప్పలేదా అంటే బాగుండునని చూశాడు. రమేష్ అనలేదు.

మార్చి ఒకటిన తెల్లాపూర్‌లో చేరాడు. ఆ పొద్దున సత్తెమ్మ పోచమ్మ గుడికి పోయి మొక్కి, కల్లు సాక పోసి వచ్చింది. కిటికీ వైపు తిరిగి కూరగాయలు తరిగింది. పప్పులో ఉప్పు సరిపోయింది, సాంబారులో సరిపోయింది, పిల్లలు రెండేసిసార్లు వడ్డించుకున్నారు. సాయంత్రం మొగుడు ఇస్త్రీ చొక్కాతో ఇంటికొస్తే ఆమె ఆయన చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"నీడకుంటే నువ్వు సుత మంచిగనే ఉంటవు" అంది.

ఆయన నవ్వాడు. గుడ్ల సంగతి ఆమెకు చెప్పలేదు.

తెల్లాపూర్‌లో పని నిజంగానే తేలిక. మోటార్లు, లైట్లు, లాన్లు చూసుకోవాలి. అక్కడ తోట పని చేసే రాజమ్మ అనే పెద్దామె ఉంది. నాలుగోరోజు ఆమె నీళ్ల పైపు పట్టుకుని ఆకాశం వైపు చూస్తూ ఉంటే బాలనర్సయ్య కూడా చూశాడు. విల్లాల మీద ఒక గద్ద చక్కర్లు కొడుతోంది. గోళ్లలో ఎలుక ఉంది. తోకలో ఎడమవైపు రెండు ఈకలు లేవు.

"పది దినాల సంది గిట్లనే తిరుగుతుంది" అంది రాజమ్మ. "ఉత్తగ అయితే గద్ద ఎగురుకుంటనే తింటది బిడ్డా. ఇది తింటలేదు. ఎవలికో కొంచవోతుంది, ఇల్లు దొరుకుతలేదు."

బాలనర్సయ్య తల దించుకుని మోటార్ల వైపు నడిచాడు. ఆ రోజు నుంచి ఆయనకు తల వంచుకుని నడవడం అలవాటైంది. తల వంచుకుంటే నీడ కనపడేది. పదకొండింటికి లాన్ మీద నీడ, మూడింటికి స్విమ్మింగ్ పూల్ మీద నీడ. గద్ద చుట్టుపక్కల ఈ టవరు నుంచి ఆ టవరుకు పోయేది, అద్దం ముందు రెక్కలు ఆపి నిలబడేది, మళ్లీ తిరిగేది. ఎలుక ఎండిపోయాక వదిలేసి ఇంకొకటి పట్టుకొచ్చేది. తాను మాత్రం చిక్కిపోయింది. ఒక వారం ఆయన అన్నం సరిగా తినలేదు. కొత్త పని బెంగ అనుకుంది సత్తెమ్మ.

ఎనిమిదో రోజు రమేష్‌కు ఫోన్ చేశాడు. "ఆడది ఉన్నదా?"

"ఉన్నదన్నా. ఎదురుంగ సెల్ టవర్ మీద కూసుంటది. పొద్దుమీకి గూటి కాడికి వస్తది, పోతది."

"రేపు తాడు కట్టి ఉంచు. ఒక్కపారి దిగుత."

"వదినెకు చెప్పినవా?"

"ఒక్కపారే గదా" అన్నాడు బాలనర్సయ్య. ఒక్కసారికి ఒట్టు తప్పినట్టు కాదని ఆయన నిజంగానే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున పూట సెలవు పెట్టి, చికెన్ కొట్టు నుంచి కిలో పేగులు తీసుకుని, గేటు బయట నిలబడి సంచి పైకెత్తి ఊపాడు. గద్ద దిగి వచ్చింది. ఒక ముక్క గాలిలోకి విసిరాడు, అది వంగి గోళ్లతో అందుకుంది. అది మళ్లీ పైకి పోయేలోపే ఆయన షేర్ ఆటోలో డ్రైవరు పక్కన ఎక్కి, చెయ్యి బయటపెట్టి, సంచి చూపిస్తూ కూర్చున్నాడు. గద్ద వెనకాలే వచ్చింది.

"ఎక్కడి దాంకనన్నా దానికి?" అన్నాడు డ్రైవరు.

"నానక్‌రామ్‌గూడ."

"మెల్లగ పోనియ్యాల్నా?"

"జర మెల్లగ."

వెనక కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు ఆఫీసుకు లేటవుతుందని గొణిగారు గానీ, గద్ద వెనకబడినప్పుడల్లా వాళ్లే "ఆగు ఆగు, రానియ్యి" అన్నారు. ఫ్లైఓవరు మీద అది ఆటోకు సమంగా ఎగిరింది. సిగ్నల్ పడితే ఆటో ఆగింది, గద్ద పైన చక్కర్లు కొట్టింది, పచ్చ లైటు వెలిగాక రెండూ కదిలాయి.

టవరు దగ్గర తాడు సిద్ధంగా ఉంది. బాలనర్సయ్య ఇస్త్రీ చొక్కాతోనే పీట మీద కూర్చుని పందొమ్మిదో అంతస్తుకు దిగాడు. ఎదురుగా సెల్ టవరు మీద ఆడది కూర్చుని ఉంది. ఖాళీ గూటి పక్కన, తాను తుడిచిన అద్దం ముందు, గుప్పెడు పేగులు చేతిలో పట్టుకుని చెయ్యి చాచాడు. లోపల హర్షిణి కుర్చీలోంచి లేచి నిలబడింది.

మగది రెండుసార్లు దూరంగా తిరిగింది. మూడోసారి రెక్కలు ముడిచి సూటిగా దిగింది. పేగులతోపాటు చేతిని కూడా పట్టేసింది. నాలుగు గోళ్లు మణికట్టులో దిగాయి, ఒక్క గుక్క తిప్పుకునేంతసేపు వదల్లేదు. ఆయన కూడా చెయ్యి లాక్కోలేదు. అప్పుడే ఎదుటి నుంచి ఆడది ఈల వేసింది. మగది చెయ్యి వదిలి, పేగులతో గూటి మీద వాలింది. ఆడది వచ్చింది. మగది తెచ్చింది అది తీసుకుంది.

మళ్లీ కుదిరిన గూటికి మొదటి తిండి అందింది కాబట్టి కొత్తగా ఇంటి బొమ్మ పడింది. గద్ద గోళ్లలో ఏముంటే అదీ బొమ్మలో పడుతుంది, తొండలూ ఎలుకలూ పేగులూ బాలనర్సయ్య ఎన్ని తుడవలేదు? ఈసారి అద్దంలో రెక్కలు చాచిన గద్ద ఉంది, దాని గోళ్లలో ఒక మణికట్టు ఉంది, మణికట్టు వెనకాల చొక్కా, చొక్కాలో మనిషి, మనిషి కింద పీట.

"అన్నా" అన్నాడు రమేష్ పై నుంచి వంగి చూసి. "నువ్వు సుత పడ్డవు."

ఆ మర్నాడు బాలనర్సయ్య తెల్లాపూర్‌కని బయల్దేరి టవరు దగ్గర తేలాడు. రోడ్డు మీదికొచ్చి ఆటో ఎక్కాడు, దిగి చూస్తే అదే గేటు. ఇంకో ఆటో ఎక్కాడు. నడిచి చూశాడు. ఎటు పోయినా కాళ్లు ఆ తూర్పు గోడ కిందికే తెచ్చి నిలబెట్టాయి. బొమ్మ ఎక్కడుంటే ఇల్లు అక్కడే, గద్దకైనా మనిషికైనా. అయిదు రోజులు అలా గడిచాక తెల్లాపూర్ నుంచి ఫోన్ వచ్చింది. వాళ్లు కోపంగా కూడా మాట్లాడలేదు. బొమ్మ పడ్డవాణ్ని మేమేం చేసుకుంటాం, వేరే మనిషిని చూసుకున్నాం అన్నారు. రామ్మోహనరావు టెర్రస్ తాళాల గుత్తి ఆయన చేతిలో పెట్టి, "నీ పీట అక్కడే ఉందయ్యా" అన్నాడు. మేనేజరు ముఖంలో కూడా ఏదో బాధ ఉంది.

రమేష్ ఒక ప్రయత్నం చేశాడు. గద్దను ముట్టకుండా మనిషిని మాత్రం తుడుద్దామని, బొమ్మలో ఆయన కాలి మీద సిర్కా నీళ్లు చల్లి లాగాడు. కాలు పలచబడింది. దానితోపాటే గద్ద తోక మసకబారింది. వెంటనే ఆపేశాడు.

సత్తెమ్మకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వంటింటి కిటికీలోంచి చూస్తే తూర్పు గోడ మీద ఇద్దరు బాలనర్సయ్యలు ఉన్నారు. ఒకడు తాడు మీద కదులుతున్నాడు, ఒకడు అద్దంలో కదలడం లేదు. ఆమె మూడు రోజులు మొగుడితో మాట్లాడలేదు. నాలుగోనాడు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆయన గుడ్ల దగ్గర్నుంచి అన్నీ చెప్పాడు.

"తుడిస్తే పోతదా?" అంది ఆమె.

"పోతది. నేను వస్త. గద్ద పోతది."

"పిల్లలు లేసి ఎగిరినంక తుడువొచ్చునా?"

"వానలు పడంగనే గద్దలు ఎటో పోతయి. మళ్ల చలికాలం ఇదే గూటికి వస్తయి. బొమ్మ లేకుంటే ఎట్ల వస్తయి?"

"ఎన్నేండ్లు బతుకుతది గద్ద?"

"ఇరవై ఏండ్ల దాంక బతుకుతదని మేస్త్రి అంటుండె."

ఆయనకు నలభై నాలుగు. ఆమె మనసులో లెక్క చూసుకుంది. బాలనర్సయ్య పళ్లెంలోకి చూస్తూ, "నువ్వు తుడువుమంటే రేపే తుడుస్త సత్తెమ్మా. నీకు మాట ఇచ్చిన" అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

"ముందుగాల నన్ను చూడనియ్యి" అంది ఆమె.

మర్నాడు హర్షిణి తన ఆఫీసుకు విజిటర్ పాస్ రాయించి సత్తెమ్మను పందొమ్మిదో అంతస్తుకు తీసుకుపోయింది. పదకొండేళ్లుగా చుక్కలా చూసిన మొగుణ్ని ఆమె మొదటిసారి మూడడుగుల దూరం నుంచి చూసింది. అద్దానికి అవతల పీట మీద కూర్చుని, పెదవులు కదుపుతూ, బహుశా ఏదో కూనిరాగం తీస్తూ, దారిన పోయిన గద్దల్ని ఒక్కొక్కదాన్నే తుడుస్తున్నాడు. ఆ చెయ్యి అంత నెమ్మదిగా, అంత సొగసుగా కదులుతుందని ఆమెకు తెలియదు. మణికట్టు మీద నాలుగు గాయాలు మానుతున్నాయి. గూట్లో ఆడది మళ్లీ కూర్చుని ఉంది. అది ఒకసారి లేచి సర్దుకున్నప్పుడు కింద ఎర్రమట్టి మచ్చల గుడ్లు కనపడ్డాయి, ఈసారి కూడా రెండే.

అంతలో దూరం నుంచి మగది వచ్చింది. ఎన్నో టవర్లు దాటి, ఎక్కడా ఆగకుండా, తన బొమ్మ మీదికే సూటిగా వచ్చి, చివరి క్షణంలో తోక తిప్పి గూటి మీద వాలింది. తెచ్చిన ఎలుకను ఆడదాని ముందు పెట్టింది. అది తింటున్నంతసేపూ తాను గుడ్ల మీద కూర్చుంది. సత్తెమ్మ కన్నార్పకుండా చూసింది.

బాలనర్సయ్య పక్క అద్దానికి జరగబోయి ఆమెను చూశాడు. చెయ్యి ఆగిపోయింది. తర్వాత ఆయన వైపర్‌ను బకెట్లో ముంచి తీసి, ఇంటి బొమ్మ ముందుకు జరిగి, అద్దానికి బెత్తెడు దూరంలో పట్టుకుని, ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె ఒక్కసారి తల ఊపితే చాలు, మూడు లాగుళ్లలో అయిపోతుంది. సాయంత్రానికి నేల మీద ఉంటాడు, ఇక ఎప్పటికీ నేల మీదే ఉంటాడు. వైపర్ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

సత్తెమ్మ పెదవులు కదిలాయి. తర్వాత ఆమె తల అడ్డంగా ఊపి, కొంగుతో ముఖం తుడుచుకుని, వంటకు వేళయిందని హర్షిణితో చెప్పి లిఫ్టు వైపు నడిచింది.

ఆమె ఏమందో హర్షిణి ఆ సాయంత్రం కాగితం మీద రాసి అద్దానికి ఆనించింది. "నా మొగడు ఏడ ఉన్నడో నాకైతే ఎరుక. దాని మొగణ్ని దానికి దూరం జేసుడు నాతోని గాదు." బాలనర్సయ్య ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు, చదివింది అర్థమయ్యాక ఇంకోసారి చదివాడు.

జూన్‌లో రెండు పిల్లలు ఎగిరాయి. వానలు పడగానే నాలుగూ ఎటో పోయాయి, చలికాలానికి రెండు తిరిగొచ్చాయి. బాలనర్సయ్య ఇప్పటికీ ఆరున్నరకు మేడ ఎక్కుతాడు. ఇంట్లో ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సత్తెమ్మ కిటికీకి వీపు పెట్టే వంట చేస్తుంది. తూర్పు వైపు తుడిచే రోజుల్లో పందొమ్మిదో అంతస్తు దగ్గరికి రాగానే ఆయన కాసేపు పని ఆపుతాడు. ఆ రోజు ఆమె తల నిలువుగా ఊపి ఉంటే తాను తుడిచేవాడే, గద్ద దారి తప్పేది, ఆ పాపం మళ్లీ తనకే చుట్టుకునేది. అయినా ఆమె ఊపి ఉంటే బాగుండేదని ఆయనకు అనిపిస్తూనే ఉంటుంది.